నేరేడుదొడ్డి గుంజ

నేరేడుదొడ్డిలో నేల తడిగా ఉందని ఆరుద్ర చెప్పింది. నేను నమ్మలేదు. నమ్మకపోవడం నా ఉద్యోగంలో భాగం కాదట. ఆ సంగతి మా డైరెక్టరు పరాంకుశం గారు తర్వాత తీరిగ్గా చెప్పారు.

ఆరుద్ర మా ఉపగ్రహం. వాన కార్తె పేరు పెడితే రైతులకు దగ్గరగా ఉంటుందని ఎవరో మహానుభావుడికి తోచింది. రోజూ పొద్దున్నే అది మన పీఠభూమి మీదుగా పోతూ నేలలోని నీళ్ల లెక్క తీస్తుంది. దాని మీద రెండు ముఖ్యమైన పరికరాలున్నాయి. ఒకటి నేలలోంచి వచ్చే సన్నటి తరంగాల్ని వింటుంది. పొడి నేల గట్టిగా పలుకుతుంది, తడి నేల గొంతు తగ్గిస్తుంది. దాన్ని మేం చెవి అంటాం. రెండోది నేల మీంచి లేచే ఆవిరిని కొలిచే కెమెరా. అది కన్ను. ఎకరా ఎకరాకీ, మనిషి లోతు వరకూ ఎంత చెమ్మ ఉందో చెప్పే యంత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నిజంగానే గొప్ప పని. నేనూ గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

ఆరుద్ర ఎగిరాక కరువు చట్టం మార్చేశారు. ఏ మండలంలో కరువుందో మనిషి చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. చెవి ‘పొడి’ అంటే నీళ్ల ట్యాంకర్లు బయల్దేరతాయి, పశువుల శిబిరానికి గడ్డి లారీ వస్తుంది. ‘తడి’ అంటే అన్నీ వాటంతటవే ఆగిపోతాయి. ఉపగ్రహం చూపు పడని చోటుకు మాత్రమే తహసీల్దారు స్వయంగా వెళ్లి చూడాలి. అలాంటి చోటు దేశంలో ఇంతవరకూ ఒక్కటీ లేకపోయింది. ‘మనిషి చెయ్యి తగలని లెక్క’ అని హైదరాబాదులో మా కేంద్రం గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసుకున్నాం.

ఆ రోజు పొద్దున నేను ఆఫీసులో అడుగు పెట్టేసరికి జలీల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మ్యాపులు గీసే కుర్రాడు, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న.

“అక్కా, స్వీట్లేవి? మీ జిల్లా అంతా వాన!”

తెరమీద మొన్నటిదాకా ఇటుకరంగులో ఉన్న కర్నూలు పడమటి మండలాలన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. కిందికి బళ్లారి దాకా, పైకి రాయచూరు దాకా అదే పచ్చదనం. ఒక్క రోజులో! ఎవరో పెయింటు డబ్బా ఒంపినట్టు ఉంది.

మా అత్తకు ఫోన్ చేశాను. ఉరుకుందమ్మ మా నాన్న చెల్లెలు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేరేడుదొడ్డి మా ఊరు. నా పేరు సుంకమ్మ. ఆ పేరుకు నోరు తిరగదని ఆఫీసులో సుమ అని పిలుస్తారు. బ్రైట్‌నెస్ టెంపరేచర్ అనడానికి తిరిగే నోళ్లు సుంకమ్మ అనడానికి తిరగవు!

“అత్తా, వాన పడిందా ఊళ్లో?”

“వానా? నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? ఆకాశం సూస్తే రొట్టెల పెనం మాదిరి ఉండాది. పొద్దన్నుంచి నీళ్ల బండి గూడా రాలే. బిందెలన్నీ వరసగా పెట్టుకోని కూసున్నాం.”

“శిబిరంలో గడ్డి ఇచ్చారా?”

“యాడిదీ! మీ మామ ఎద్దుల్ని తోలుకోని పోతే గేటుకు బీగం ఏసి ఉండాదంట. మీ ఊళ్లో వాన పడిందంట గదా, ఇంగ గడ్డి ఎందుకు అన్నారంట. ఇదేం సోద్యం సుంకీ?”

నేను జలీల్ కుర్చీ లాక్కుని కన్ను తీసిన బొమ్మ తెరిచాను. నేల తడిస్తే, ఈ ఎండకు, ఆవిరి పొగలా లేవాలి. ఒక్క చుక్క ఆవిరి లేదు. ఆలూరు నుంచి ఆదోని దాకా నేల ఎండు కొబ్బరి చిప్పలా ఉంది.

“కన్ను పొడి అంటోంది. చెవి తడి అంటోంది. ఒకే ఉపగ్రహం, రెండు మాటలు. నీకు అనుమానం రాలేదా?”

జలీల్ తల గోక్కున్నాడు. “చట్టంలో చెవి మాటే చెల్లుతుంది కదక్కా. కన్ను పరిశోధనలకే.”

పరాంకుశం గారి గదికి వెళ్లాను. ఆయన పదిహేను దేశాల ప్రతినిధుల రాక కోసం ఉపన్యాసం దిద్దుకుంటున్నారు. మన కరువు చట్టాన్ని వాళ్లూ తెచ్చుకుంటారట. నేను చెప్పింది విని కళ్లజోడు తుడుచుకున్నారు.

“చెవిలో లోపం లేదమ్మా సుమా. పొద్దున్నే పరీక్ష చేయించాను. గుంజల బాధ్యత నీదే కదా, వెళ్లి మీ ఊరి గుంజ చూసిరా. ఆరుద్ర కార్తె దాటితే ఈ సీజను జాబితా మూసేస్తారు, తెలుసుగా. ఆ తర్వాత నేను కాదు కదా, బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.”

తెలియకేం. జాబితా మూసేస్తే మళ్లీ దీపావళి దాకా మా జిల్లాకు ట్యాంకరు ఉండదు.

గుంజ సంగతి చెప్పాలి. ఆకాశంలో ఉన్న చెవికి తను సరిగ్గా వింటోందో లేదో తెలియాలంటే కింద ఒక సాక్షి కావాలి. దేశం మొత్తం మీద అలాంటి సాక్షులు పన్నెండు. ఛాతీ ఎత్తు ఉక్కు స్తంభం, నెత్తిన తెల్లటి పళ్లెం, మొదట్లో భూమిలోకి దిగిన పుల్లలు. పుల్లలు చెమ్మ ఎంతో చెబుతాయి. ఆరుద్ర ఆ మాటతో తన మాట సరిచూసుకుని, తేడా ఉంటే తనని తాను దిద్దుకుంటుంది. మా పీఠభూమి మొత్తానికి సాక్షి నేరేడుదొడ్డి బీడు భూమిలో ఉంది. కాగితాల్లో దాని పేరు ప్రామాణిక స్తంభం. ఊళ్లో గుంజ అంటారు. అదే పేరు ఆఫీసుకూ అంటుకుంది.

మర్నాడు పొద్దున ఊళ్లో బస్సు దిగాను. రచ్చకట్ట దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు, పక్కనే ఆడవాళ్లు, రాని బండి కోసం. నన్ను చూసి ఎవరూ పలకరించలేదు. ఎప్పుడొచ్చావని కూడా అడగలేదు. మా ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు.

అత్త మాత్రం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. “దా, గుంజ సూద్దువు గానీ. నువ్వే మెచ్చుకుంటావు,” అంది.

ఇద్దరం గుంజ దగ్గరికి వెళ్లాం. నిలువెల్లా పసుపు. నెత్తిమీద తెల్లటి పళ్లెం చుట్టూ వేపమండల దండ. నడుముకు ఎర్రటి రవిక గుడ్డ, గాజులు. కింద టెంకాయ చిప్పలు. ఇవన్నీ ఒక ఎత్తు, గుంజ మొదట్లో బురద ఒక ఎత్తు. చుట్టూ కనుచూపు మేర నేల బీటలు వారి ఉంది. ఆ నాలుగడుగుల మేర మాత్రం కాలు పెడితే మడమ దిగబడేంత తడి.

“నూటొగ్గ బిందెలు,” అంది అత్త. ఆవిడ ముఖంలో వెలుగు చూస్తే నాకు ఏడుపొచ్చింది. “ఇంటికొగ బిందె లెక్కన పోసినాం. బొడ్రాయికి పోసినా వాన రాలే. గాడిదలకు పెండ్లి జేసినా రాలే. ఇంగ ఈ తల్లే దిక్కని ఆడోళ్లమంతా తడిగుడ్డలతో వచ్చి పోసినాం.”

“నీళ్లెక్కడివి?”

“యాడివేంది? బండి నీళ్లే. తాగేదాంట్లో మిగిల్చినాం. నాలుగు దినాలు పిల్లోళ్లకు తానాల్లేవు. సగం సగం తాగినాం. ఊరికే ఇస్తాదా మే తల్లి, కడుపు మాడ్చుకోకుండా?”

అరిచేశాను. ఇది దేవత కాదు, యంత్రం, మీకు బుద్ధుందా, తాగే నీళ్లు తెచ్చి ఇనపగుంజకు పోస్తారా, ఎవరు చెప్పారు మీకు ఈ పని చెయ్యమని? అన్నీ అరిచాను. పొలాల్లో ఉన్నవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

అత్త నా అరుపు అయిపోయేదాకా ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది.

“ఎవరు చెప్పడమేంది? మీ పెద్దసారే చెప్పినాడు గదా.”

“పరాంకుశం గారా?”

“పేరు తెల్దు. అద్దాల సారు. గుంజ పాతిన దినం నువ్వు బెంగుళూరులో సదువుకుంటా ఉన్నెవు, నీకెట్ల తెలుస్తాది? కార్లో అయ్యవార్ని పిల్చుకోనొచ్చినారు. సార్లంతా పట్టుపంచెలు కట్టుకోనుండ్రి. గుంజకు పసుపు పూసింది వాళ్లే. టెంకాయ కొట్టింది వాళ్లే. రాగి చెంబుతో నెత్తిన నీళ్లు పోసింది ఆ సారే. మైకులో ఏం చెప్పినాడో తెల్సా? ఈ తల్లికి తడి తెలుస్తాది, తడి తగిల్తే పైనుండే ఆరుద్రకు చెప్తాది, ఇంగ మీ నీళ్ల సంగతి ఈ తల్లే సూసుకుంటాది అన్యాడు. మేం మొక్కినాం. తప్పా?”

నిజమే కదా! ఉపగ్రహం ఎగరేసే ముందు దాని చిన్న బొమ్మను గుడికి తీసుకెళ్లి పూజ చేయించే వాళ్లం మేం. ప్రతి కొత్త యంత్రానికీ బొట్టు పెడతాం, నిమ్మకాయ కడతాం. కొబ్బరికాయ సరిగ్గా పగలకపోతే ముఖాలు మాడ్చుకుంటాం. మా ఊరి ఆడవాళ్లు మమ్మల్ని చూసే నేర్చుకున్నారు. మాకంటే శ్రద్ధగా చేశారు.

అత్తకు కూర్చోబెట్టి చెప్పాను. కొట్లో తూకం రాయి అరిగిందనుకో, ఆ కొట్లో తూచిన ప్రతి సరుకూ తప్పే కదా. ఈ గుంజ తూకం రాయి. గుంజ మొదట్లో పుల్లలు తడిశాయి. పైనుంచి ఆరుద్ర విన్నది పొడి నేల మాటే. కానీ కింద గుంజ తడి అంటోంది. గుంజ అబద్ధం చెప్పదని ఆరుద్రకు నేర్పి పంపాం. అందుకని తన చెవిలోనే తప్పుందనుకుంది. పొడిగా వినిపించిన నేలంతా తడే అని దిద్దుకుంది. మన ఊరు ఒక్కటే కాదు, మొత్తం పీఠభూమి.

అత్త వంగి గుంజ మొదట్లో బురదను వేలితో తాకి చూసింది. వింటున్న ఆడవాళ్లలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అంటే... హొళగుందలో మా యక్కోళ్ల ఇంటికి గూడా నీళ్లు రావా? మేం పోసిన బిందెలకా?” అంది అత్త.

“రావు అత్తా.”

“నా తలకాయకే తట్టింది సుంకీ ఈ పని. ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిల్చినా.” ఆవిడ గుంజ వైపు చూసింది. “నీళ్లు పోసి నీళ్లు పోగొట్టుకున్యామా?”

నాకు అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపమంతా ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. ఆ మధ్యాహ్నం బస్సుకే తిరుగు ప్రయాణం కట్టాను.

పరాంకుశం గారు నేను చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో చింత పోయి తేటదనం వచ్చింది. అది చూసే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అయితే మన చెవి బాగానే ఉందన్న మాట! హమ్మయ్య. దీనికి చట్టంలో దారి ఉందమ్మా. ఎవరైనా కావాలని స్తంభాన్ని తడిపితే దాన్ని నేరంగా నమోదు చేస్తాం. నమోదైన క్షణం ఆ రీడింగు రద్దవుతుంది. జిల్లాకు నీళ్లు మళ్లీ మొదలవుతాయి. నువ్వు బాధ్యురాలివి కాబట్టి సంతకం నువ్వే పెట్టాలి.”

“నేరం చేసిన ఊరికి?”

“ఆ ఊరికి మూడేళ్లు ఏ సాయమూ అందదు. అలా లేకపోతే ప్రతివాడూ గుంజ మీద చెయ్యి వేస్తాడు కదా. నీళ్లు పోసినవాళ్ల మీద కేసు ఉంటుంది. ఆడవాళ్లు కాబట్టి పెద్ద శిక్ష పడదులే.”

“వాళ్లు కావాలని తడపలేదు సార్. మొక్కుకున్నారు.”

“అదేనమ్మా మన దేశానికి పట్టిన చీడ. మూఢనమ్మకం.”

“మీరు రాగి చెంబుతో పోసింది ఏమిటి సార్?”

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. దేవుడి తోడు, నటించలేదు.

“అది సంప్రదాయం సుమా. ప్రారంభోత్సవం. దానికీ దీనికీ పోలికేమిటి?”

“చెంబుకూ బిందెకూ ఉన్నంత తేడా. మైకులో తల్లి అన్నది మీరు. తడి తగిలితే పైకి చెబుతుందన్నది మీరు. తడిస్తే లెక్క చెడుతుంది, దూరంగా ఉండండి అని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? స్థలం ఊరికే కావాలి కాబట్టి. దేవతంటే ఎవరూ బాడుగ అడగరు కాబట్టి!”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను. కన్ను పొడి అంటోంది కదా సార్. ఆవిరి లేదు. ఆ ఒక్క మాట ప్రభుత్వానికి రాసి పంపండి. ఈ కేసులూ గీసులూ లేకుండా పోతుంది.”

“కన్నుకు చట్టంలో చోటు లేదు. ఇవాళ కన్ను మాట వింటే రేపు ఎమ్మెల్యే మాట వినమంటారు.” ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. “నీకు తెలియంది కాదు. ఈ యంత్రం రాకముందు ఏం జరిగేది? తహసీల్దారు ఫ్యాను కింద కూర్చుని వాన లెక్క రాసేవాడు. చేయి తడిపినవాడి ఊళ్లో కరువు, తడపనివాడి ఊళ్లో పంట. మళ్లీ ఆ రోజులు కావాలా నీకు?”

ఆ మాటతో ఆయన నా నోరు మూయించగలిగేవారే. ఆ రోజుల సంగతి నాకు ఆయన కంటే ఎక్కువ తెలుసు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా మండలంలో వానలు మామూలేనని ఒక తహసీల్దారు రాశాడు. ఆ ఏడు ఎద్దుల్ని అమ్మేసి మా నాన్న సుగ్గికి పోయాడు. మా పక్క పనుల కోసం వలస పోవడాన్ని సుగ్గి అంటారు. బెంగుళూరులో కట్టే బిల్డింగు స్లాబు కూలి అక్కడే పోయాడు. ఆరుద్రలో చేరిన మొదటి రోజు ఆ గోడ మీది అక్షరాలు చూసి నేను ఏడ్చాను. మనిషి చెయ్యి తగలని లెక్క. అది లేకే కదా మా నాన్న పోయాడని.

“కావాలి సార్,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు. “లంచం తిన్నవాడి కాలరైనా పట్టుకోవచ్చు. జీపుకు అడ్డం పడుకోవచ్చు. ఇంటిముందు దుమ్మెత్తిపోయొచ్చు. ఆరుద్ర కాలరెక్కడుంది? మా ఊరివాళ్లు ఎవరి ముందుకెళ్లి అరవాలి? మీరేమో నా చేతుల్లో లేదంటారు. అది అసలు చేతులే లేనిది!”

“సంతకం పెడతావా, పెట్టవా?”

“మా అత్తను దొంగ అని రాయమంటారా?”

“ఒక్క ఊరు. మిగతా జిల్లా బతుకుతుంది. ఆలోచించుకో. కార్తె అయిపోతోంది.”

ఆలోచించాను. ఆ పూటంతా ఆలోచించాను. సంతకం పెడితే జిల్లాకు నీళ్లు, మా ఊరికి మూడేళ్ల ఎండ. పెట్టకపోతే అందరికీ ఎండే. ఆయన అమర్చిపెట్టిన లెక్క ఎంత బాగుందంటే, ఎటు తిప్పినా తప్పు మాదే. చెంబు పట్టిన చేతులు మాత్రం ఎక్కడా కనపడవు.

అప్పుడు జలీల్, పాపం, నన్ను ఓదార్చడానికే అన్నాడు. “ఆరుద్ర చూపు లేకుండా ఉంటే బాగుండేదక్కా. కనీసం తహసీల్దారైనా వచ్చి చూసేవాడు.”

నేను కుర్చీలోంచి లేచాను. గుంజల మరమ్మతు బాధ్యత నాది. ఏ గుంజనైనా ఊడదీసి బాగుచేసే అధికారం నా ఉద్యోగంతో పాటే వచ్చింది. ఎవర్నీ అడగనక్కర్లేదు. సాక్షి లేకపోతే చెవి మాట చెల్లదు. పీఠభూమి మొత్తం ఆరుద్రకు చూపు లేని చోటవుతుంది. చూపు లేని చోటుకు మనిషి వెళ్లాలి. చట్టమే అంటోంది.

“పానాల పెట్టె ఎక్కడుంది?” అన్నాను.

జలీల్‌కు అర్థమైంది. ముఖం పాలిపోయింది. “అక్కా, పదిహేను దేశాలవాళ్లు వస్తున్నారు...”

“రానీ. చూసి పోతారు.”

నేను పెట్టె, గునపం పట్టుకుని ఊళ్లో దిగేసరికి రచ్చకట్ట మీద ఎండ చుర్రుమంటోంది. గుంజ దగ్గరికి వెళ్లి పెట్టె తెరిచాను. పళ్లెం ఊడదీయబోతుంటే వెనకనించి ఆడవాళ్లు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు. ముందు అత్త.

“ఏం జేస్తాండావే? దేవుణ్ని పెరుకుతావా? కండ్లు పోతాయే!”

“పెరకకపోతే ఊరు పోతుంది అత్తా. నిన్ను పోలీసులు తీసుకెళ్తారు.”

“తీసకపోనీ. నేనే గదా పోసింది. పేరు రాసుకో. ఉరుకుందమ్మ, మొగుని పేరు లింగప్ప. రాసుకో మే! మా యక్కోళ్లకు నీళ్లు వస్తాయి గదా.”

“నేను రాయను.”

“యాల రాయవు? తప్పు చేసినోళ్ల పేరు రాయాల గదా?”

“తప్పు చేసినవాళ్ల పేరు రాయడానికి అందులో చోటు లేదు అత్తా! నీళ్లు పోసినవాళ్లకే ఉంది!”

వాళ్లకు ఏం అర్థమైందో నాకు తెలియదు. కానీ ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. అత్త కాసేపు నన్నూ గుంజనూ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను పక్కకు జరిపింది.

“ఉండు. చెప్పకుండా లేపగూడదు. ఏ దేవునికైనా చెప్పి లేపాల.”

గుంజ నడుముకు కట్టిన రవిక గుడ్డ విప్పి మడత పెట్టింది. వేపదండ తీసింది. గాజులు ఒక్కొక్కటే తీసి పక్కనున్న ఆవిడ చేతికిచ్చింది. కొంగుతో పసుపు తుడిచింది. ఉక్కు మళ్లీ ఉక్కులా బయటపడింది. అప్పుడు రెండు చేతులూ దాని మీద పెట్టి అంది. “అమ్మా, మాకు తెల్దు. నీకు తెల్దు. పో ఇంగ. యాడన్నా సల్లగ ఉండు.”

తర్వాత నా పెట్టె పక్కనున్న గునపం తీసుకుని మొదటి పోటు తనే వేసింది. మొదట్లో నేల మెత్తగా ఉంది కదా, వాళ్లు పోసిన నీళ్లే. గుంజ సులువుగా వచ్చింది.

కాసేపటికి ఫోన్ మోగింది. జలీల్. “అక్కా, మ్యాపు బూడిదరంగు అయిపోయింది. మొత్తం. పచ్చా లేదు, ఎరుపూ లేదు.” వాడు నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

వెంటనే పరాంకుశం గారు చేశారు. ఆయన తిట్లు రాయను, పెద్దమనిషి. ఏం చేశావో తెలుసా అన్నారు. మరమ్మతు అన్నాను. ఎప్పటికి పూర్తవుతుంది అన్నారు. తహసీల్దార్లు అన్ని ఊళ్లూ తిరిగాక అన్నాను. సాయంత్రానికి నన్ను సస్పెండు చేసినట్టు కాగితం వచ్చింది. అందులో మాత్రం నా పూర్తి పేరు రాశారు. సుంకమ్మ అని, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

కొత్త గుంజ పాతాలంటే బాధ్యురాలు కావాలి. బాధ్యురాల్ని ఇంటికి పంపారు. వేరే మనిషికి అప్పగించేలోపు కార్తె ముగియవచ్చింది. కలెక్టర్లకు గత్యంతరం లేకపోయింది. ఇన్నేళ్ల తర్వాత జీపులు ఊళ్ల మీద పడ్డాయి.

నేరేడుదొడ్డికి తహసీల్దారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. యాభై దాటిన మనిషి, లావుగా, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి. నాకు వాణ్ని చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. వీడు కూడా జీపులోంచి దిగకుండా రాసుకుపోతే నేనేం చెయ్యాలో అప్పటికే అనుకుని ఉన్నాను.

దిగాడు. చేలో నాలుగడుగులు నడిచాడు. బూటుతో మట్టిని తన్ని చూశాడు. “పైపైన ఎండినట్టే కనిపిస్తాదిలే. లోపల చెమ్మ ఉంటుంది. మొన్నటిదాకా రికార్డులో తడి అనే ఉంది కదా,” అన్నాడు. పక్కనున్న వీఆర్వో తలూపాడు.

ఎండ దెబ్బకు తట్టుకోలేక ఆయన మా ఇంటి పంచలోకి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తను చూసి, మన దేశంలో ఏ గుమ్మం ముందైనా ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

“కొంచెం మంచినీళ్లు ఇస్తావామ్మా?”

అత్త కదల్లేదు.

మా అత్తను నేను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. గడపలో కాలు పెట్టిన మనిషికి, అప్పులవాడైనా, పగవాడైనా, మాటకు ముందు చెంబు ఇచ్చేది. మేం గంజి తాగిన రోజుల్లో కూడా ఇచ్చింది. ఆవిడ నోటి వెంట ‘లేవు’ అన్న మాట ఏ మనిషీ వినలేదు.

ఇంట్లో మిగిలింది బిందె అడుగున రెండు గ్లాసుల నీళ్లు. అవి మా మామకు, జ్వరంతో పడుకుని ఉన్నాడు. ఆవిడ లోపలికి ఒకసారి చూసింది. నన్ను చూసింది. ఆ చూపులో ఎంత కోపముందో! ఇంత దూరం తెచ్చింది నువ్వే కదా అన్నట్టు.

“లేవు సారూ,” అంది. “మా ఇంట్లో తాగే నీళ్లు లేవు. పక్కింట్లో గూడా లేవు. ఊళ్లో యా ఇంట్లో అడిగినా ఇదే చెప్తారు. అదే రాసుకో.”

తహసీల్దారు ముఖం ఎర్రబడింది. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకున్నాడు. ఫైలు తెరిచి మోకాలి మీద పెట్టుకుని, అత్త చెప్పిందే రాయడం మొదలుపెట్టాడు.

అత్త లోపలికి పోయి తలుపు చాటున కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి విసిరికొట్టింది.

“ఇంటికొచ్చిన మనిషికి నీళ్లు లేవని చెప్పించినావు కదే నాతో,” అంది.